మూడు నీళ్ళు

వకుళ ప్రయోగశాలలోకి వెళ్ళాలంటే మూడు గుమ్మాలు దాటాలి. మొదటి గుమ్మం దగ్గర చెప్పులు, రెండో గుమ్మం దగ్గర చేతి గాజులూ తల్లో పూలూ, మూడో గుమ్మం దగ్గర మొహానికి రాసుకున్న పౌడరూ వదిలెయ్యాలి. బొట్టు పెట్టుకునేవాళ్ళు స్టిక్కరే పెట్టుకోవాలి, కుంకుమ పనికిరాదు. విశాఖపట్నంలో సముద్రం కనపడే కొండ మీద ఉన్న ఆ పరిశోధన సంస్థలో మిగతావాళ్ళంతా ఆ గదిని "వకుళమ్మగారి మడి" అనేవాళ్ళు. ఆ మాట వకుళ చెవిన పడకపోలేదు. పడినా ఆమె నొచ్చుకోలేదు.

మడి ఆమెకి తండ్రి నుంచి వచ్చిన ఆస్తి. ఆయన ముప్పై ఏళ్ళు ఆహార కల్తీని పట్టుకునే ఇన్‌స్పెక్టరుగా చేశాడు. పెళ్ళి భోజనంలో కూడా నెయ్యి వాసన చూడందే విస్తట్లో వేయించుకునేవాడు కాదు. అలాంటి ఇంట పుట్టిన పిల్ల కల్తీ కలపడమే చదువుగా చదివి, దాంతోనే డాక్టరేటు కూడా తెచ్చుకుంటే ఆయన పోయేదాకా నవ్వుతూనే ఉన్నాడు.

"కలిపేది కల్తీయే నాన్నా. కానీ స్వచ్ఛమైన కల్తీ" అని సమర్థించుకునేది వకుళ.

ఆమె కలిపేది పాలలో నీళ్ళు కాదు. టైటానియం ఆక్సైడ్ అని తెల్లటి పొడి ఒకటుంది. గోడలకి వేసే తెల్ల రంగులో ఉండేది అదే. ఆ పొడిలో పరాయి అణువుల్ని కొలిచి కలిపి, పింగాణీ మూసలో పోసి కాల్చి, ఉల్లిపొర కన్నా పల్చటి పొరగా చేసి, చూపు పోయిన కంటి లోపలి వెనక గోడకి అతికిస్తే, ఆ పొర వెలుతురుని పట్టి కరెంటుగా మార్చి నరానికి అందిస్తుంది. చెప్పడానికి ఇంతే. చెయ్యడానికి పదకొండేళ్ళు పట్టింది. పదహారు పొరలు చెత్తబుట్టలోకి పోయాక పదిహేడోది పలికింది.

ఆ పదిహేడో పొర ఇప్పుడు ఆమె తమ్ముడు సుధీంద్ర కుడి కంట్లో ఉంది.

సుధీంద్ర ఒక బ్యాంకులో టెలిఫోన్ ఆపరేటరు. ఇరవయ్యో ఏట రేచీకటిగా మొదలైన జబ్బు అతని చూపుని అంచుల నుంచి కొరుక్కుంటూ వచ్చి, ముప్పై దాటేసరికి మొత్తం మింగేసింది. కూతురు ఊర్మి పుట్టింది ఆ తరవాతే. సొంత తమ్ముడి మీద ప్రయోగమేమిటని కమిటీ వాళ్ళు వకుళని నిలదీస్తే, "మా అక్క నన్ను లాగలేదు, నేనే ఎగబడ్డాను" అని అతను రాసిచ్చాడు. కిందటి మాఘమాసంలో కట్టు విప్పినప్పుడు అతను మొదట చూసింది ఆరేళ్ళ కూతురి మొహం. ముందు పళ్ళు రెండూ లేవు.

"ఇదేమిటి, బోసినోటి పిల్లని నాకు అంటగట్టారు!" అన్నాడు. అని, అందరి ముందూ భోరుమన్నాడు. కళ్ళ డాక్టరు ఏడవకూడదని కేకలేస్తున్నా ఆపుకోలేకపోయాడు. వకుళ గోడవైపు తిరిగి నిలబడింది. పదకొండేళ్ళ కష్టం ఆ ఒక్క నిమిషంలో తీరిపోయిందనిపించింది ఆమెకి.

లోపం ఒక్కటే. ఎరుపు కనపడదు. టమాటా, సిందూరం, రోడ్డు మీద ఆగమనే దీపం అన్నీ నల్లగా కనిపిస్తాయి. దాన్నొక ఆటగా చేసుకున్నారు తండ్రీకూతుళ్ళు. రోజూ బడికి వెళ్ళేముందు ఊర్మి జడ ముందుకు వేసి, "నాన్నా, నా రిబ్బను ఏ రంగు?" అంటుంది. "నలుపు" అంటాడు అతను. "కాదు, ఎరుపు!" అని అది పరుగెత్తుతుంది.

వేసవి సెలవుల్లో ఒకరోజు, "నాన్నా, నీ కంట్లో అత్త ఏం పెట్టింది?" అని అడిగింది ఊర్మి.

సుధీంద్ర దాన్ని వంటింట్లోకి తీసుకెళ్ళి అటక కింద నిలబెట్టాడు. "పైన జంతికల డబ్బా ఉంది. గెంతి తీసుకో."

గెంతింది. అందలేదు. మళ్ళీ గెంతింది.

"నీ వల్ల కాదు కదా? తెల్ల పొడిలో కరెంటు కూడా ఇలాగే కింద కూర్చుని ఉంటుంది. అటక ఎక్కితే కానీ పనిచెయ్యదు. మామూలు వెలుతురుకి దాన్ని అంత ఎత్తు ఎగరేసే బలం లేదు." అతను పీట తెచ్చి గట్టు పక్కన వేశాడు. "ఇప్పుడు ఎక్కు."

ఊర్మి పీట ఎక్కి, పీట మీంచి గట్టు ఎక్కి, డబ్బా అందుకుంది.

"ఆ పీట వెయ్యడమే మీ అత్త చేసిన పని. పొడిలో వేరే జాతి అణువులు చిటికెడు వేసింది. అవి మధ్యలో మెట్లలా నిలబడ్డాయి."

"చాలా పీటలు వేస్తేనో?"

"కాళ్ళకి అడ్డం పడి దబ్బున పడతావు. చిటికెడే ఉండాలి. ఆ చిటికెడు ఎంతో తెలుసుకోవడానికే మీ అత్త జుట్టు నెరిసింది."

గుమ్మంలో నిలబడి ఇదంతా విన్న వకుళ, తన ఉపన్యాసాలన్నిటికన్నా ఈ జంతికల పాఠమే నయమనుకుంది.

ఆమెని చూసి సుధీంద్ర అన్నాడు, "అక్కా, నా జాబితాలో ఒకరు మిగిలిపోయారు." చూపు వచ్చినప్పటి నుంచీ అతను, ఇన్నాళ్ళూ గొంతుతోనే తెలిసినవాళ్ళందరి మొహాలూ వెతుక్కుంటూ వెళ్ళి చూసొస్తున్నాడు. "మీ లాబ్‌లో చింతపండు వాసన చేతులావిడ ఉండేది చూడు. నేనొచ్చినప్పుడల్లా మెట్ల దాకా ఎదురొచ్చి చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళేది. ఆవిణ్ణి చూడాలి."

"అప్పలనరసమ్మా? మానేసింది" అంది వకుళ.

అది అబద్ధం. అప్పలనరసమ్మ మానలేదు, వకుళే మానిపించింది.

అప్పలనరసమ్మది బుడితి, ఇత్తడి పనికి పేరుపడ్డ ఊరు. ప్రయోగశాల వెనక వసారాలో సింకు దగ్గర నిలబడి మూసలూ గిన్నెలూ కడగడం ఆమె ఉద్యోగం. ఏడేళ్ళు కడిగింది. మూడు గుమ్మాల లోపలికి మాత్రం ఒక్కసారీ రాలేదు, రానివ్వలేదు. కిందటేడు దసరా వెళ్ళిన వారానికి, కడిగి ఆరబెట్టిన ఒక మూస అడుగున సన్నటి ఎర్ర చార వకుళ కంటబడింది. తెల్ల గుడ్డతో తుడిస్తే గుడ్డ ఎర్రబడింది.

"ఏంటిది?" అని అరిచింది.

"ఇటికి పొడీ సింతపండూ అమ్మా. ఆయుధపూజకని అన్నీ తోమీసినాను. అద్దం నాగ లేవూ?"

అద్దమే! పదహారు పొరలు ఎందుకు పాడయ్యాయో వకుళకి అప్పటికప్పుడు తెలిసిపోయినట్టయింది. "ఎక్కడి మురికి మట్టో తెచ్చి నా మూసలకి పూస్తావా? ఇవి నీ ఇత్తడి బిందెలనుకున్నావా?" అని పదిమందిలో కేకలేసి, ఆ పూటే కాంట్రాక్టరుకి ఉత్తరం రాసి తీసేయించింది. మూసలన్నిటినీ ఆసిడ్‌లో నానబెట్టించింది. దసరా మర్నాడు కాల్చిన పదిహేడో పొర అప్పటికింకా పరీక్షకి వెళ్ళలేదు. అది పలికిందని తేలింది ఆ తరవాత నెలన్నరకి.

శ్రావణంలో సుధీంద్ర ఒక ఉదయం, "ఇవాళ మబ్బుగా ఉందా అక్కా?" అని ఫోన్ చేశాడు. బయట ఎండ మాడ్చేస్తోంది.

పొర కరిగిపోతోంది. ఐదేళ్ళు నిలుస్తుందనుకున్నది, ఒంట్లో నీరు దాన్ని చాటుగా తినేస్తుంటే ఏడాది కూడా నిలిచేలా లేదు. కార్తీకం దాటితే ఇంకేమీ మిగలదని కళ్ళ డాక్టరు చెప్పింది. అయితే మరొకటి చేసి పెడదామన్న ధీమా వకుళకి మొదట్లో ఉండేది. పదిహేడోది ఎలా చేసిందీ ప్రతి అక్షరం పుస్తకంలో ఉంది. అదే పొడి, అదే కొలత, అదే వేడి. పద్దెనిమిదోది చేసింది. అందమైన పసుపుపచ్చ రంగులో వచ్చింది, కరెంటు మాత్రం ఇవ్వలేదు. పంతొమ్మిది, ఇరవై, ఇరవై ఒకటి. పొడి కంపెనీ మార్చింది, కొలిమి మార్చింది, గ్యాసు సిలిండర్లు మార్చింది. గదిని ఇంకా శుభ్రం చేసింది. ఎంత శుభ్రం చేస్తే పొరలు అంత మొండికేశాయి.

ఇరవై తొమ్మిదోది చెత్తబుట్టలో పడేసిన రోజు ఆమె తమ్ముడింటికి వెళ్ళింది. ఊర్మి కిటికీ పక్కన ఎండలో నిలబడి జడ చూపిస్తోంది.

"నా రిబ్బను ఏ రంగు?"

"నలుపు."

"కాదు, ఎరుపు!" అని నవ్వి బడికి పోయింది.

"ఇదివరకు గుమ్మం దగ్గర నిలబడేది" అన్నాడు సుధీంద్ర నెమ్మదిగా. "ఇప్పుడు అదే వచ్చి వెలుతురు పడే చోట నిలబడుతోంది. నేనేమీ చెప్పలేదు అక్కా. దానికి తెలిసిపోయింది. మొహం ఎక్కడుందో తెలుస్తోంది కానీ, ఎలా ఉందో తెలియడం లేదు నాకు." కిటికీ వైపు తిరిగాడు. "పుట్టు చీకటైతే ఏడుపుండేది కాదేమో. ఒకసారి చూపించి లాక్కుంటున్నట్టుంది. నిన్ననడం లేదులే. అయినా ఎవరినో ఒకరిని అనాలనిపిస్తోంది."

"నన్నే అను" అంది వకుళ. ఆమెకి నిజంగానే ఎవరైనా తనని తిడితే బాగుండుననిపించింది.

దసరాలకి ఇంట్లో దేవుడి సామానంతా కిందికి దించి తోమడం తల్లి కామేశ్వరమ్మకి అలవాటు. అష్టమి నాడు పొద్దున్నే వకుళ వంటింట్లోకి వెళ్ళేసరికి, ఆవిడ నేలమీద చతికిలబడి దీపపు కుందులకి ఏదో రాస్తోంది. కుందులు కొత్త బంగారంలా ధగధగలాడుతున్నాయి.

"పీతాంబరీ పొడి మార్చావా అమ్మా?"

"అదెక్కడిది? మీ అప్పలనరసమ్మ కిందటేడు ఇచ్చిందే. ఈ సీసాడు పొడీ ఏడాదిగా దాచుకు వాడుతున్నా. వాళ్ళ నాన్న కొలిమి ఇటుకట. చింతపండు పులుసులో కలిపి తోమితే ఇదిగో, ఇలా. ఆ మనిషిని ఎందుకు తీసేశావో గానీ, మహాతల్లీ, దాని చెయ్యి మంచిది."

వకుళ సీసా చేతిలోకి తీసుకుంది. ఎర్రటి పొడి. కొలిమి ఇటుక. రాగి కరిగించే కొలిమి. దసరాకి తోమిన మూసలు. దసరా మర్నాడు కాల్చిన పదిహేడో పొర.

"కాఫీ తాగి వెళ్ళవే!" అని తల్లి వెనక నుంచి అరుస్తూనే ఉంది.

పండగ సెలవైనా పరిశోధక విద్యార్థిని నస్రీన్ లాబ్‌లోనే ఉంది. వకుళ కొంగు కూడా సర్దుకోకుండా, "పదిహేడో పొరలో రాగి ఎంత?" అంది.

"సున్నా మేడమ్. ఇనుమూ సున్నా. రిపోర్టు మీద మీ సంతకమే ఉంది."

"సున్నా ఎలా వచ్చింది?"

"ఎలాగేముంది? ఖాళీ మూసని కూడా కొలుస్తాం కదా. మూసలో ముందే ఉన్న మురికి, పొర లెక్కలోకి రాకుండా దాన్ని తీసేస్తే మిగిలింది సున్నా."

"తీసెయ్యక ముందు ఎంతుందో చూడు."

నస్రీన్ కంప్యూటరులో పాత అంకెలు వెతికింది. చూసి, కుర్చీలో నిటారుగా కూర్చుంది. "పదివేల అణువులకి రాగి మూడు, ఇనుము ఏడు. ఖాళీ మూసలోనూ అంతే... మేడమ్, ఆ ఖాళీ మూసని తోమింది కూడా..."

"అప్పలనరసమ్మే" అంది వకుళ.

బిడ్డని చంకలో పెట్టుకుని ఊరంతా వెతికారు ఇన్నాళ్ళూ. మురికి అని లెక్కలోంచి తీసేసిందే మందు. ఆ మందు తెచ్చిన మనిషిని కూడా మురికి అనే తీసేశారు.

ఇక తెలిసింది కదా అని సీసాల్లోంచి రాగీ ఇనుమూ కొలిచి కలిపారు. ముప్పయ్యో పొర పలకలేదు. అణువులన్నీ ఒకచోట ముద్దకట్టుకుని కూర్చున్నాయి. పీటలన్నీ ఒకే మూల పోగుపడితే ఇంకెక్కడ ఎక్కుతారు? మూస గోడలో ఇంకిన రాగి, కాలేటప్పుడు మెల్లమెల్లగా ఊరి, ఒక్కొక్కటిగా పొడిలోకి పాకితేనే సమంగా సర్దుకుంటుందని నస్రీన్ ఊహించింది. కామేశ్వరమ్మ సీసాలో అడుగున మిగిలిన రెండు చెంచాల పొడితో తామే మూస తోమారు. అందులో కాల్చిన ముప్పై ఒకటోది కుండపెంకులా నల్లగా వచ్చింది. పీటలు మరీ ఎక్కువైపోయాయి. పొడి అయిపోయింది. అప్పలనరసమ్మ ఫోను మోగి మోగి ఆగిపోతోంది.

ఆమె నరసన్నపేటలో ఒక కల్యాణ మండపంలో వంట పాత్రలు తోముతోందని కాంట్రాక్టరు దగ్గర పనిచేసే ఒకావిడ చెప్పింది. వకుళ బస్సెక్కింది. దారి పొడుగునా ఏం మాట్లాడాలో కూడబలుక్కుంది. మండపం వెనక పెరట్లో గుండిగలోకి నడుం దాకా వంగి తోముతున్న మనిషిని చూసేసరికి ఆ మాటలన్నీ మరిచిపోయింది.

"ఓలమ్మా, మేడమ్మగారే!" అప్పలనరసమ్మ తలెత్తింది. మొహంలో ఆశ్చర్యం వచ్చినంత తొందరగానూ పోయింది. "ఇంతదూరం ఎలగొచ్చినారు? ఆ రాయి తడిగుంది, దానిమీద కూకోకండి."

వకుళ ఆ తడి రాయి మీదే కూర్చుంది. "నీతో మాట్లాడాలి అప్పలనరసమ్మా."

"మాటాడండి. సేతులకి పనుంది గానీ సెవులు కాలీయే."

"ఆ రోజు నేనన్న మాటలు తప్పు. నిన్ను తీసేయించడం ఇంకా పెద్ద తప్పు. క్షమించమని అడగడానికొచ్చాను."

అప్పలనరసమ్మ తోముతూనే ఉంది. "నన్ను మురికిదానివంటే పడతానమ్మా. అలాటి మాటలు సానా పడ్డాం. గానీ మీరు అన్నది నన్ను కాదు. ఎక్కడి మురికి మట్టో అన్నారు. అది మట్టి కాదు. మా అయ్య కొలిమి. నలబై ఏళ్ళు రాగి పొగ తాగిన ఇటికిలవి. నిరుడు అయ్య పోయినాక కొలిమి కూలగొట్టీసినారు. నాలుగిటికిలు నాను మోసుకొచ్చీసినాను. దసరాకి అయ్య పనిముట్లన్నీ తోమి పూజకెట్టీవోడు. నాకు పనిముట్లేటున్నాయి? మీ మూసలే. మా అయ్య ఇటికితో తోమితే మీ పని సల్లగా జరగతాదనుకున్నాను. అంతే."

వకుళ రాయి మీంచి ముందుకి వంగింది. "జరిగింది. నువ్వు తోమిన మూసలో కాల్చిన పొరతోనే మా సుధీంద్రకి చూపొచ్చింది."

గుండిగలో చప్పుడు ఆగింది.

"సుదీంద్ర బాబుకా? సూస్తన్నాడా?"

"చూశాడు. పాపని చూశాడు. నిన్ను చూడాలని అడుగుతున్నాడు, నేనే దాటేశాను. ఇప్పుడు ఆ పొర కరిగిపోతోంది. ఇంకో నెలలో మళ్ళీ చీకటే. నీ పొడితో మేం తోమాం, మావల్ల కాలేదు." చెబుతుంటే వకుళకి ఏడుపొచ్చేసింది. ఆపుకోవాలని కూడా అనిపించలేదు.

అప్పలనరసమ్మ బయటికొచ్చి, చేతులు చీరకి తుడుచుకుని, ఆమె ఎదురుగా గొంతుక్కూర్చుంది. "తోమి ఎన్ని నీళ్ళు పోసినారు?"

"ఒకసారి తొలిచాం. పొడి పోతుందేమోనని."

"ఓలమ్మ, ఒక్క నీళ్ళేటి! మూసకి మూడు నీళ్ళు. ఒకటైతే మన్ను మిగిలిపోద్ది. నాలుగోది పోస్తే మూస సచ్చిపోద్దనీవోడు మా అయ్య. మీ ఆసిట్లో నానబెడితే మరింకేటుంటాది?" ఇంత పెద్ద చదువు చదివిన మనిషికి ఇంత చిన్న సంగతి తెలియకపోవడం చూసి ఆమెకి నిజంగానే జాలేసినట్టుంది. "ఇటికి ఒక్కటే మిగిలింది. దీపం గూట్లో ఎట్టుకున్నాను, అయ్య గుర్తని."

వకుళ అడగలేక అడగలేక, "ఇస్తావా?" అంది.

అప్పలనరసమ్మ లేచి వెళ్ళి, తోమిన గుండిగని బోర్లించింది. మండపం లోపల సన్నాయి మొదలైంది.

"బాబు కళ్ళలో ఉంటాదంటే మా అయ్యకి అంతకన్నా గూడేటి? ఇస్తాను. గానీ ఒక్క మాటమ్మా. ఈపాలి ఎనక వసారాలో తోమను. మీ మూడు గుమ్మాలూ దాటొచ్చి, లోపల తోముతాను."

సోమవారం పొద్దున్న వకుళ మొదటి గుమ్మం దగ్గర తలుపు తీసి పట్టుకుని నిలబడింది. సంస్థలో సగం మంది ఏదో పనున్నట్టు ఆ వరండాలో తచ్చాడారు. అప్పలనరసమ్మ చెప్పులు విడిచింది. రెండో గుమ్మం దగ్గర గాజులు తియ్యబోతుంటే వకుళ, "ఉండనీ, ఫర్వాలేదు" అంది.

"రూలు రూలేనమ్మా. అందరూ తీస్తే నానూ తీస్తాను" అని గాజులు తీసి నస్రీన్ చేతిలో పెట్టింది. మూడో గుమ్మం దగ్గర కొంగుతో నుదుటి కుంకుమ తుడుచుకుని, నస్రీన్ ఇచ్చిన స్టిక్కరు పెట్టుకుని, లోపలికొచ్చింది. ఏడేళ్ళు తను కడిగిన మూసలు వెళ్ళే చోటేదో ఆమె చూడటం అదే మొదటిసారి. చుట్టూ చూసి, "సల్లగుంది" అని మాత్రం అంది.

ఇటుకలో ఒక మూల గీరి, నూరి, చింతపండు పులుసులో కలిపి పిడికెడు పీచుతో మూస తోమడం మొదలుపెట్టింది. నస్రీన్ పక్కన నిలబడి ప్రతిదీ రాసుకుంది. పొడి ఎంత, పులుపు ఎంత, ఎన్ని నిమిషాలు, ఎన్ని చుట్లు. ఒక నీళ్ళు. రెండు నీళ్ళు. మూడు. అక్కడ ఆపి మూస బోర్లించింది. వకుళ చెయ్యి అలవాటు కొద్దీ నాలుగోసారి కుళాయి వైపు వెళ్ళబోయింది. అప్పలనరసమ్మ కళ్ళెర్రజేసేసరికి వెనక్కి తీసుకుంది.

ముప్పై రెండో పొర మామిడిపండు రంగులో దిగింది. దీపం కింద పెట్టగానే మీటరు ముల్లు లేచి, పదిహేడోది చూపించిన గీత దాటి ఇంకో రెండు గీతలు ముందుకెళ్ళి నిలబడింది. నస్రీన్ కెవ్వున అరిచింది. వకుళ మాత్రం మీటరు చూడలేదు. ఇటుకలో మిగిలిన మూడొంతుల్నీ తెల్ల గుడ్డలో జాగ్రత్తగా చుట్టి, అప్పలనరసమ్మ చేతుల్లో పెట్టింది.

కార్తీకంలో రెండో సోమవారం సుధీంద్ర కట్టు విప్పారు.

పాతది తీసి ముప్పై రెండోది పెట్టి కట్టు కట్టినప్పటి నుంచీ, పదిహేను రోజులుగా అతనికి పూర్తి చీకటి. పాత పొర ఉండగానే కూతురి మొహాన్ని బట్టీపట్టుకోవాలని చూశాడట, కుదరలేదట. డాక్టరు ఆఖరి చుట్టు తీసింది. అతను కన్ను చికిలించి, రెండు మూడు సార్లు ఆర్పి, ఎదురుగా ఊపిరి బిగబట్టి నిలబడ్డ ఊర్మిని చూశాడు.

"ఒసేయ్! పళ్ళొచ్చేశాయే నీకు!"

ఊర్మి నోరు చెవుల దాకా సాగింది. అంత వెడల్పు నవ్వులో, కొత్తగా మొలిచిన పెద్ద పళ్ళు రెండూ కనిపించాయి. ఎప్పుడొచ్చాయో అతను చూడలేదు. చూపు మసకబారాక వచ్చేసినవి. అందుకని అతను వాటినే మళ్ళీ మళ్ళీ చూశాడు. కామేశ్వరమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

ఇంతలో అతను ముక్కు ఎగబీల్చి, గది మూలకి తిరిగాడు. "చింతపండు! వచ్చారా? నా చెయ్యి పట్టుకుని నడిపిస్తే ఎంత ఎత్తు మనిషోననుకున్నాను. ఇంత పొట్టా మీరు?"

"మెట్ల మీద నాను ఒక మెట్టు పైనుండీదాన్ని బాబూ" అంది అప్పలనరసమ్మ. నవ్వబోయింది గానీ నవ్వు రాలేదు. కళ్ళు తుడుచుకుంటూ, "సూడు నాయనా, బాగా సూడు" అని దగ్గరికొచ్చి నిలబడింది.

ఊర్మికి ఇంకో పరీక్ష మిగిలి ఉంది. జడ ముందుకు వేసింది. "నా రిబ్బను ఏ రంగు?"

సుధీంద్ర కూతురి వైపు చూసి, అబద్ధం చెప్పనా అని ఒక్క క్షణం ఆలోచించి, "నలుపే అమ్మలూ" అన్నాడు.

"కాదు, ఎరుపు" అంది ఊర్మి. ఈసారి కాస్త మెల్లగా అంది.

"బాబుకి ఎరుపు కనపడదా?" అప్పలనరసమ్మ వకుళ వైపు తిరిగింది. కాసేపు లెక్కేసుకుని, "అమ్మా, రెండు నీళ్ళకే ఆపీసి సూద్దామా?" అంది.

"వద్దు! పీటలెక్కువైతే పడిపోతారు" అని ఊర్మి గట్టిగా చెప్పింది.

ఏడాది కిందటైతే వకుళ ఏమనేదో ఆ గదిలో అందరికీ తెలుసు. ఆమె సంచీలోంచి ప్రయోగాల పుస్తకం తీసి, మోకాలి మీద పెట్టుకుని, ముప్పై మూడు అని అంకె వేసింది. మూస: రెండు నీళ్ళు అని రాసింది. సూచించినవారు అన్న చోట, ఇన్నేళ్ళూ తన పేరు తప్ప మరొకటి పడని చోట, మజ్జి అప్పలనరసమ్మ అని రాసి, "ఒక నీళ్ళకే ఆపితేనో?" అని అడిగింది.

"రెండే అమ్మా. అంత అత్యాస పనికిరాదు."

ఇప్పటికీ ఏ పొరా ఏడాదికి మించి నిలవడం లేదు. ఏడాదికోసారి కంటికి కత్తి తప్పదు. ఆ భయం ఆ ఇంట్లో ఉండనే ఉంది. కానీ బుడితిలో ఇంకా వెలుగుతున్న కొలిముల్లో పగిలిన పాత ఇటుకలు ఇప్పుడు కొండ మీదికి వస్తున్నాయి. మూసలు తోమే పని నేర్చుకోవడానికి ముగ్గురు కుర్రవాళ్ళు అప్పలనరసమ్మ దగ్గర చేరారు. మూడో గుమ్మం దాటాక లోపల ఆమెకో కుర్చీ వేశారు. చూపు కోసం పేర్లు ఇచ్చుకున్నవాళ్ళలో పదకొండుమందికి అప్పుడే ముప్పై రెండో కొలతతో చేసిన పొరలు పెట్టారు.

ఆ మూడో గుమ్మం తలుపు గడియకి ఊర్మి తన రిబ్బను కట్టింది. పూలకీ కుంకుమకీ చోటులేని ఆ గదికి అదొక్కటే రంగు. వకుళ దాన్ని తీసెయ్యలేదు. లోపల ముప్పై ఆరో పొర కాలుతోంది. ముప్పై ఐదోది కంట్లో పెట్టించుకున్న సుధీంద్ర వచ్చినప్పుడల్లా ముందు ఆ రిబ్బను దగ్గర ఆగి, కన్ను దగ్గరగా పెట్టి చూసి, "ఇంకా నలుపే" అని చెప్పి లోపలికి వస్తాడు. కిందటి వారం మాత్రం ఆ మాట అనడానికి అతనికి కొంచెం ఎక్కువసేపు పట్టింది.